రాత్రంతా మ్యాపులు గీస్తే ఉద్యోగం వస్తుందా?

గాజువాక నుంచి ఒక అమ్మగారు రాశారు. కొడుకు సివిల్ మూడో ఏడాది, సర్వేయింగ్‌లో బ్యాక్‌లాగ్ ఉంది. రాత్రి రెండింటి దాకా క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కి కోడ్ రాస్తాడు, పైసా రాదు. మాన్పించి లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేర్చాలా, ఎంటెక్ జియోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్ మ్యాపులు, ఉపగ్రహ డేటా చదువు) మేలా అని ప్రశ్న.

అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు, సాఫ్ట్‌వేర్ పేరు మారుతుందంతే. మీ బెంగ కోర్సు గురించి కాదు, "ఊరికే చాకిరీ చేస్తున్నాడు, నలుగురికీ ఏం చెప్పుకోను" అని. మీ ఆడపడుచు కొడుకు ప్యాకేజీ ఎంతో రెండుసార్లు రాశారు. మీవాడు ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా చూపించమని అడిగారా?

క్యూజీఐఎస్‌ని 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇప్పుడు చాలా దేశాలవాళ్లు కలిసి రాస్తున్నారు, నాలుగు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. మీవాడు కోడ్ పంపితే ముక్కూమొహం తెలియని సీనియర్లు చదివి, ఇక్కడ తప్పు, ఇక్కడ టెస్ట్ రాయలేదు అని తిప్పి పంపుతారు. ఆ చీవాట్లు ఏ కోచింగ్‌లో దొరుకుతాయి చెప్పండి! పైగా అంతా బయటికి కనిపించేదే, ఇంటర్వ్యూ చేసేవాడు నేరుగా చదువుకోవచ్చు.

ఏఐ కోర్సులంటేనే నాకు అనుమానం. విశాఖ ద్వారకానగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా ఆరు నెలల్లో ఇంజనీర్ని చేస్తామంటారు, చివరికి బ్యాచ్‌లో అందరి రెజ్యూమేలోనూ ఒకటే ప్రాజెక్టు. ఏఐ వద్దనడం లేదు, ఉపగ్రహ చిత్రాల్లో ఇళ్లు గుర్తించడానికి అదే వాడుతున్నారు, కానీ కింద ఉన్న డేటా ఏంటో తెలియకపోతే బోల్తా పడతారు. అలాంటి సర్టిఫికెట్‌తోనే ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి ఆర్కే బీచ్ నుంచి భీమిలి రోడ్డుకి 500 మీటర్ల బఫర్, అంటే రోడ్డుకి అటూఇటూ అంత దూరం పట్టీ, గీయబోయాడు. స్క్రీనంతా ఒకే రంగు! ఆ మ్యాపు లేయర్ అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంది, 500 మీటర్లు కాస్తా 500 డిగ్రీలయింది. మీటర్లలో కొలిచే యూటీఎం అనే మ్యాపు పద్ధతిలో విశాఖ 44 ఉత్తర జోన్‌లోకి వస్తుంది, దానికి మార్చాక లెక్క కుదిరింది.

అలాగని జీఐఎస్, అదే ఈ కంప్యూటర్ మ్యాపుల రంగం, పూలబాట కాదు. చిన్న కంపెనీల్లో మొదటి ఉద్యోగం చాలాసార్లు చిత్రం మీద రోడ్లు, ఇళ్లు గీయడమే, జీతం కూడా అంతంతే. అందుకే మీవాడు గీసేవాళ్లలో కాకుండా కోడ్ రాసేవాళ్లలో ఉండాలి, పైథాన్ భాష, మ్యాపు డేటా దాచే పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్ గట్టిగా పట్టాలి. ఎంటెక్ సంగతి గేట్ రాశాక చూద్దాం, 2022 నుంచి అందులో జియోమాటిక్స్‌కి (సర్వే, మ్యాపుల సబ్జెక్టు) విడి పేపరుంది. ఈలోపు ఆంధ్రా యూనివర్సిటీ జియో ఇంజనీరింగ్ విభాగానికి వెళ్లి అక్కడి సీనియర్లతో మాట్లాడమనండి.

కానీ మ్యాపుల్లో మునిగినవాడు సర్వేయింగ్ తప్పడమేంటమ్మా? అది క్లియర్ చేసేదాకా రాత్రి పదకొండుకి లాప్‌టాప్ మూయించండి. అలిగితే నా పేరు చెప్పండి.