కూపర్ నవల ‘ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్’ పరీక్షకు సంక్షిప్త ప్రతి సరిపోతుందా? సాహిత్య అంశాల్లో ఏవి ముఖ్యం?

సరిపోదండీ. ఎంఏలో నేను అదే పని చేశాను. పరీక్ష టెన్షన్‌లో కుదించిన ప్రతి ఒకటి చదివేసి, తెల్ల వేటగాడు హాకై హీరో, హ్యూరన్ తెగవాడు మాగువా విలన్, అడవి నేపథ్యం అని రాసొచ్చాను. మార్కులు అడగకండి.

తర్వాత తీరిగ్గా మొత్తం నవల చదివితే, నా ప్రతిలో అసలు ముక్కే ఎగిరిపోయిందని తెలిసింది. కోటలో బ్రిటిష్ అధికారి హేవార్డ్ ఆలిస్‌ను పెళ్లి చేసుకుంటానని అడగ్గానే ఆమె తండ్రి, కోట సేనాని మన్రో రగిలిపోతాడు. పెద్దమ్మాయి కోరా తల్లి వెస్టిండీస్ మనిషి, ఆమె పూర్వీకుల్లో బానిసలున్నారు. అందుకే కోరాను కాదన్నావా అని నిలదీస్తాడు. ఇది తెలియకపోతే హాకై తన రక్తంలో కల్తీ లేదని పదేపదే ఎందుకంటాడో అంతుపట్టదు. చివర్లో కోరా, మోహికన్ అనే ఆదివాసీ తెగలో చివరి యువకుడు అన్‌కస్ ఇద్దరూ చనిపోయాక, వాళ్లు పరలోకంలో కలిసుంటారని డెలవేర్ తెగ అమ్మాయిలు పాడతారు. అది విని హాకై తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఒక్క కదలిక మీదే పేజీన్నర రాయొచ్చు.

పాత్రల్లో మాగువా మీద ఎక్కువ రాయండి. తాగినందుకు మన్రో అతన్ని కొరడాతో కొట్టించాడు. ఆ సారా అలవాటు చేసింది తెల్లవాళ్లే కదా అని కోరానే అడుగుతాడు. అతను చేసే ఘోరాలు ఘోరాలే, కానీ ఆ ప్రశ్నకు నవలలో ఎవరూ సరైన జవాబివ్వరు.

స్థలకాలాలు తేలికే: 1757 ఆగస్టు, న్యూయార్క్ అడవులు, ఫ్రెంచి సేనాని మోంట్‌కామ్‌కు లొంగిపోయిన బ్రిటిష్ కోట ఫోర్ట్ విలియం హెన్రీ. కోట లొంగడం, తర్వాతి ఊచకోత నిజంగా జరిగినవే. అయితే కూపర్ నవల వచ్చింది 1826లో. మరో నాలుగేళ్లకే ఆదివాసులను మిసిసిపీ నదికి అవతలకు తరలించే చట్టం వచ్చింది. అలాంటి రోజుల్లో ‘చివరివాడు’ అని పేరు పెట్టడం అమాయకమేమీ కాదని నా అభిప్రాయం. మోహికన్ల వారసులు ఈనాటికీ విస్కాన్సిన్‌లో ఉన్నారు మరి.

శైలి గురించి రెండు ముక్కలు చాలు. వాక్యాలు బారెడు, ప్రతి అధ్యాయం పైనా ఒక పద్యం. కూపర్ కథల్లో ఎవరో ఒకరు ఎండుపుల్ల తొక్కి చప్పుడు చేయాల్సిందేనని మార్క్ ట్వేన్ 1895లో ఒక వ్యాసంలో వెక్కిరించాడు. అది చదివాక పుల్ల విరిగినప్పుడల్లా నాకు నవ్వాగలేదు. మీరు మాత్రం ఆ వ్యాసం పరీక్ష అయ్యాకే చదవండి.