విండోస్ తీసేయకుండా లైనక్స్ వాడి చూడొచ్చా?

లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, ఉన్న విండోస్ మాత్రం పోకూడదు అన్నారు కదా. నిక్షేపంగా చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఫొటోలు గట్రా ఉంటే ముందే తీసిపెట్టుకోండి.

లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (పాత లాప్‌టాప్‌లకు సరిపోయే తేలికైన లైనక్స్ రకం) ఐఎస్‌ఓ ఫైలు, అంటే మొత్తం సిస్టమ్ ఉన్న ఒక్క ఫైలు, దించుకుని (దాదాపు 3 జీబీ), రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. రీస్టార్ట్ చేసి, కంపెనీ పేరు కనబడగానే ఎఫ్12 టకటకా నొక్కండి. హెచ్‌పీ అయితే ఎఫ్9, మరికొన్ని కంపెనీలకు వేరే కీ ఉంటుంది. వచ్చిన మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, మీరుగా ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు విండోస్ జోలికి పోదు. లాప్‌టాప్ ఆపేస్తే లైనక్స్‌లో చేసిన మార్పులన్నీ మాయం. వైఫై, సౌండ్, తెలుగు టైపింగ్ అన్నీ ఓసారి చూసుకోండి. కడపలో మా బావమరిది లాప్‌టాప్‌లో అన్నీ బాగానే పనిచేశాయి, వైఫై ఒక్కటే మొండికేసింది. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా లాప్‌టాప్‌కు ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే నెట్ వచ్చేసింది.

వర్చువల్‌బాక్స్ (విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే ప్రోగ్రామ్) కూడా ఒక దారే గానీ, 4 జీబీ ర్యామ్‌తో నత్తనడకే. నచ్చి, విండోస్ పక్కనే వేసుకోవాలనుకుంటే ముందు డేటా బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూసి, ఆ తాళం తెరిచే రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి.