పాత టీవీ ఎపిసోడ్ల మీద రాస్తున్న అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన రాతలు మూడూ చదివాను. అమెరికా పాత టీవీ సిరీస్‌లలో గుర్రాలూ తుపాకులూ ఉండే వెస్టర్న్‌లు 'గన్‌స్మోక్' మీద ఒకటి, 'బొనాంజా' మీద ఒకటి, కామెడీ 'ఐ లవ్ లూసీ' మీద ఒకటి. ఆఫీసు నుంచి వచ్చాక అరవై డెబ్భై ఏళ్ల నాటి ఎపిసోడ్లు పెట్టుకుని చూడటం, చూసినదాని మీద అభిప్రాయం రాయాలనుకోవడం నాకు భలే నచ్చింది. నేను అమెరికా వచ్చిన కొత్తలో సాయంత్రాలు వీటి రీరన్లే, అంటే మళ్లీ వేసే పాత ఎపిసోడ్లే చూస్తూ ఇక్కడి యాసకి చెవి అలవాటు చేసుకున్నాను. ఆ చనువుతోనే నాలుగు మాటలు చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు.

గన్‌స్మోక్ మీద రాసిన పేజీలో ముప్పావు వంతు కథే. ఎవడు ఊళ్లోకి వచ్చాడు, ఎవడు ఎవణ్ణి కాల్చాడు. చివర్లో 'మొత్తానికి బాగుంది, ఐదుకి మూడున్నర' అని చేతులు దులుపుకున్నావు. ఆ ఒకటిన్నర మార్కులు ఏ సీన్ దగ్గర పోయాయిరా? అదే కదా చదివేవాడికి కావలసింది! కథ రెండు మూడు వాక్యాల్లో తేల్చెయ్యి. నీకు ఎక్కడ ఊపిరి బిగిసింది, ఎక్కడ ఫోన్ చూసుకోబుద్ధేసింది, అది రాయి.

నువ్వు చూసింది ఆ సిరీస్ మొట్టమొదటి ఎపిసోడ్, 'మ్యాట్ గెట్స్ ఇట్', 1955 సెప్టెంబరు 10న వచ్చింది. మొదట్లో జాన్ వేన్ తెర మీదికి వచ్చి పరిచయం చేశాడని రాశావు, బాగుంది. కానీ అసలు తమాషా నీ కళ్ల ముందే జరిగితే ఒక్క ముక్కైనా రాయలేదు. హీరో అంటే డాడ్జ్ సిటీ అనే ఊరి మార్షల్, అంటే పోలీసు అధికారి మ్యాట్ డిలన్, ఆరడుగుల పైన ఇంకా ఏడంగుళాలున్న జేమ్స్ ఆర్నెస్. అలాంటివాణ్ణి తన మొదటి ఎపిసోడ్‌లోనే తుపాకీ పోటీలో ఓడించి నేలకూల్చారు. కోలుకున్నాక అతను గమనించేది ఒక్కటే: ప్రత్యర్థి చెయ్యి వేగమే కానీ గురి అంత లేదు, అందుకే వాడు ఎప్పుడూ బాగా దగ్గరికొచ్చి కాలుస్తాడు. రెండోసారి ఎదురుపడ్డప్పుడు డిలన్ దూరం తగ్గనివ్వడు. ఆ రెండు సీన్లలో ఇద్దరి మధ్య ఎంత జాగా ఉందో చూసుకుంటే చాలు, రాయడానికి కావలసినంత దొరుకుతుంది.

ఇంకో సంగతి. ఒక్క ఎపిసోడ్ చూసి 'గన్‌స్మోక్ అంటే ఇంతే' అని తీర్పు చెప్పకు. అది 1975 దాకా ఇరవై సీజన్లు, 635 ఎపిసోడ్లు నడిచింది. 1961 వరకు అరగంట, ఆ తర్వాత గంట. రంగులు వచ్చింది 1966లో. టీవీకి రాకముందే 1952 నుంచి రేడియోలో ఉంది, తొలినాటి కథలు చాలావాటికి రేడియో స్క్రిప్టులే ఆధారం. అందుకే వాటిలో మాట పొదుపు, చప్పుడుకి విలువ ఎక్కువ. నా మటుకు నాకు ఆ అరగంటవే మేలు. గంటవాటిలో చాలాసార్లు పలచబడ్డ మజ్జిగే. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఏ కాలం ఎపిసోడో రాయకుండా పొగిడినా తిట్టినా ప్రయోజనం లేదు.

ఇక తండ్రి బెన్ కార్ట్‌రైట్, అతని ముగ్గురు కొడుకుల కథ బొనాంజా. 'నలుగురూ ఎప్పుడు చూసినా అవే బట్టల్లో ఉంటారేమిటి' అని వెక్కిరించావు. కావాలనే అలా ఉంచారు. ఎప్పుడో తీసిన గుర్రపు స్వారీ ముక్కల్ని కొత్త ఎపిసోడ్లో అతికించాలంటే బట్టలు మారకూడదు. ఇలాంటి చోట వెక్కిరించే ముందు 'ఎందుకు?' అని ఒకసారి ఆగితే నీ రాత బలపడుతుంది. 1959లో మొదలైనప్పటి నుంచీ అది రంగుల్లోనే వచ్చింది. దాన్ని ప్రసారం చేసిన ఎన్‌బీసీ ఛానెల్ మాతృసంస్థ ఆర్‌సీఏ రంగుల టీవీలు అమ్ముకోవాలి మరి. ఆ అడవి పచ్చదనం మీద కెమెరా అంతసేపు ఎందుకు నిలిచిందో అప్పుడు అర్థమవుతుంది.

మీ అమ్మకి నీ రాత ఫోన్‌లో చదివి వినిపిస్తే, కార్ట్‌రైట్ అన్నదమ్ములు ప్రేమించిన పిల్లలు ఎపిసోడ్ అయ్యేలోగా చచ్చిపోవడమో వెళ్లిపోవడమో దగ్గర ఆవిడ ఒకటే నవ్వు. 'ఆ ఇంటికి పిల్లనిచ్చి బాగుపడ్డవాళ్లు లేరన్నమాట' అంది. తండ్రి బెన్‌కే ముగ్గురు భార్యలు పోయారు. వచ్చే వారం ఎపిసోడ్ మొదలయ్యేసరికి మళ్లీ నలుగురు మగాళ్లూ ఒంటరిగా గుర్రాలెక్కాలి, అదీ అసలు చిక్కు. ఇలాంటి కట్టుబాటు లోపలే ఒక రచయిత కొత్తగా ఏం చేశాడో పట్టుకో. పిల్ల చచ్చిపోతుందని ముందే తెలిసినా నీకు బాధ కలిగిందా? కలిగితే ఏ మాట దగ్గర?

లూసీ మీద రాసింది మూడింటిలోకీ బాగుంది, ఎందుకంటే నువ్వు నిజంగా నవ్వావు. నువ్వు చూసిన ఎపిసోడ్ 'జాబ్ స్విచింగ్' 1952 నాటిది. చాక్లెట్ ఫ్యాక్టరీలో బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటే లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ కాగితం చుట్టాలి. ఒక్కటి చుట్టకుండా దాటినా ఉద్యోగం ఊడుతుంది. 'బెల్టు వేగం పెరిగింది, చాలా ఫన్నీగా ఉంది' అని వదిలేశావు. ఇంకోసారి చూడు. మొదట బెల్టు నెమ్మదిగానే కదులుతుంది, ఇద్దరికీ ధీమా వస్తుంది. వేగం పెరిగాక నోట్లో కుక్కుకుంటారు, టోపీల్లో, జాకెట్లలో దాస్తారు. ఇన్‌ఛార్జి వచ్చి చూసేసరికి బెల్టు ఖాళీ. ఆవిడ మెచ్చుకుని, బెల్టు ఇంకా వేగంగా తిప్పమంటుంది. నవ్వు అక్కడ కట్టారు. దాచిపెట్టినందుకు బహుమతిగా ఇంకింత పని!

అదే ఎపిసోడ్‌లో మొగుళ్లిద్దరూ ఇంట్లో వంట చేస్తారు కదా, దాని మీద ఒక్క వాక్యమే ఉంది. లూసీ మొగుడు రిక్కీ వండిన అన్నం గిన్నె దాటి, స్టవ్ దాటి నేల మీదికొస్తుంది. ఎసరంటే ఏమిటో తెలిసిన ఇంట్లో పుట్టినవాడివి, అమెరికా వాళ్లకి తట్టనిది నీకు తట్టాలి అక్కడ. మొహమాటపడకు.

నవ్వుల గురించి కూడా రాసేటప్పుడు జాగ్రత్త. లూసీ నవ్వులు అసలైనవి. ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. కెమెరా పని చూసింది కార్ల్ ఫ్రాయిండ్. ఆ ఫిల్మ్ పుణ్యానే బొమ్మ ఈరోజుకీ అంత స్పష్టంగా ఉంది. అదే 'గిలిగన్స్ ఐలాండ్' అనే కామెడీలో వినబడే నవ్వు తర్వాత అతికించింది. యుద్ధకాలపు ఆసుపత్రి కథ 'మ్యాష్'లో కూడా నవ్వుల ట్రాక్ ఉంది, కానీ ఆపరేషన్ థియేటర్ సీన్లలో పెట్టలేదు. పెట్టె నవ్వినచోట నువ్వు నవ్వలేదంటే, అది కూడా ఒక అభిప్రాయమే, రాసెయ్యి.

నువ్వు చూసే కాపీ ఎన్ని నిమిషాలుందో ముందు చూసుకో. 1960ల నాటి అరగంట ఎపిసోడ్ అసలు నిడివి ఇరవై అయిదు నిమిషాల పైమాటే. రీరన్లలో ప్రకటనల కోసం మూడు నాలుగు నిమిషాలు కోసేస్తారు. 'కథ ఉన్నట్టుండి తెగిపోయింది' అని రచయితని తిట్టే ముందు కత్తెర ఎవరిదో తేల్చుకో.

వెస్టర్న్, కామెడీ వేరువేరుగా రాయాలా అని అడిగావు. అక్కర్లేదు, అవి ఒకే ఇంటి పిల్లలు. 1967లో గన్‌స్మోక్‌ని ఆపేద్దామనుకున్న సీబీఎస్ ఛానెల్, దాని పెద్దాయన విలియం పేలీ పట్టుబట్టడంతో దానికి సోమవారం చోటిచ్చింది. ఆ దెబ్బకి పోయింది అదే ఛానెల్‌లోని కామెడీ గిలిగన్. 'మేవరిక్' అనే వెస్టర్న్ అయితే రెండిటి మధ్యా కాళ్లు చాపుకుని కూర్చుంది. 'గన్ షై' అనే ఎపిసోడ్‌లో గన్‌స్మోక్‌ని, 'త్రీ క్వీన్స్ ఫుల్'లో బొనాంజాని ఆటపట్టించారు. అసలువి ముందు చూసి, తర్వాత ఈ రెండూ చూడు.

మేవరిక్ మీద రాయడం మొదలుపెడితే 'షేడీ డీల్ ఎట్ సన్నీ ఏకర్స్'తో పెట్టు, 1958 నాటిది. బ్రెట్ మేవరిక్ పేకాటలో గెలిచిన పదిహేను వేల డాలర్లు రాత్రిపూట బ్యాంకులో వేస్తాడు. తెల్లారేసరికి బ్యాంకరు 'నువ్వెవరు?' అంటాడు. అక్కడి నుంచి మన హీరో వీధిలో కుర్చీ వేసుకుని చెక్క చెక్కుతూ కూర్చుంటాడు. డబ్బు సంగతేమిటని ఊళ్లోవాళ్లు అడిగితే, ఆ పని మీదే ఉన్నానంటాడు. అంతకు మించి చెప్పను. నువ్వు రాసేటప్పుడు కూడా అక్కడే ఆపు, చదివేవాడి సరదా చెడగొట్టకు. కానీ కుర్చీలోంచి లేవని హీరోతో వెస్టర్న్ నడిపిన తెగువ గురించి మాత్రం రాయాలి. ఆ సిరీస్‌లో ఒక ఎపిసోడ్ తీయడానికి వారం రోజులకి పైనే పట్టేది, ప్రసారమేమో వారం వారం. అందుకే బార్ట్ అనే తమ్ముణ్ణి తెచ్చి పని పంచారు. ఈ ఎపిసోడ్‌లో ఒకడు కూర్చుంటే ఇంకొకడు తిరగడం ఆ అవసరానికి భలే అమరింది. బ్యాంకరుగా వేసిన జాన్ డెనర్‌ని గుర్తుపెట్టుకో. 'హ్యావ్ గన్, విల్ ట్రావెల్' అనే ఇంకో వెస్టర్న్ రేడియోకి వచ్చినప్పుడు హీరో పాలడిన్ గొంతు అతనిదే. ఇలాంటి అతిథి నటులు ఒకే సిరీస్‌లో నాలుగైదు వేషాల్లో కూడా కనిపిస్తారు. పేర్లు రాసిపెట్టుకుంటే ముందు ముందు పనికొస్తాయి.

చివరగా కొంచెం ఇబ్బంది కలిగించే విషయం. తెల్లనటులు రంగు పూసుకుని అమెరికా ఆదివాసీ తెగల వాళ్లుగా వేయడం, బొనాంజాలో చైనా వంటవాడు హాప్ సింగ్‌ని నవ్వులకి వాడుకోవడం నీకు కనిపిస్తూనే ఉంటాయి. 'ఆ కాలం అలాంటిది' అని కప్పిపుచ్చకు, అలాగని దానితోనే పేజీ నింపకు. ఏ సీన్, ఎవరి నోట, ఏం చేశారు అని చెప్పి ముందుకెళ్లు. ఒకే ఏడాది వచ్చిన రెండు సిరీస్‌లు పక్కపక్కన చూస్తే ఎవరు మొద్దుగా ఉన్నారో, ఎవరు ప్రయత్నించారో నీకే తెలుస్తుంది.

ముందు లూసీ రాత తిరగరాసి పంపు, మార్కులు లేకుండా. మీ అత్తయ్యేమో 'ఆండీ గ్రిఫిత్ షో' అనే కామెడీ మీద రాయమంటోంది. పెద్దావిడ పెట్టిన ఊరగాయ కిరసనాయిలు కంపు కొడుతుంటే ఆ మాట అనలేక అందరూ నానా అవస్థా పడే 'ది పికిల్ స్టోరీ' ఆవిడకి ప్రాణం. కానీ అందులోని బార్నీ అనే పాత్ర వెళ్లిపోయాక 1965 నుంచి రంగుల్లో వచ్చినవాటి జోలికి వెళ్లొద్దంటోంది. నాకు వాటిలో కొన్ని నచ్చుతాయి గానీ, ఆ మాట ఇంట్లో అనను. నువ్వూ అనకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య