హార్ట్ ఫెయిల్యూర్ చార్టు దగ్గర తొందరపడకు

బుజ్జీ,

మెడికల్ కోడింగ్‌లో, అంటే డాక్టరు రాసిన జబ్బుకు కోడ్ వేసే పనిలో, నిన్ను ఇన్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరిన రోగుల) చార్టులకు మార్చారని, వచ్చేవన్నీ హార్ట్ ఫెయిల్యూర్ కేసులేనని మీ అమ్మ చెప్పింది. టార్గెట్ టెన్షన్‌లో వాటిని గబగబా ముగించేయాలనిపిస్తుంది. వద్దు.

అమెరికా డాక్టరు "సీహెచ్ఎఫ్" (కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్) అని రాసి వదిలేస్తే నీ చేతిలో ఉండేది రకం చెప్పని కోడ్ ఐ50.9 ఒక్కటే. క్రానిక్ (దీర్ఘకాలిక) సిస్టాలిక్ (గుండె రక్తాన్ని గట్టిగా పంపలేని రకం) అని రాస్తే ఐ50.22 అవుతుంది, క్రానిక్ మీద అక్యూట్ (హఠాత్తుగా ముదరడం) అయితే ఐ50.23. వేరే జబ్బుతో చేరిన రోగికి సెకండరీగా వేసినప్పుడు ఐ50.22 సీసీ (అదనపు సమస్య), ఐ50.23 ఎంసీసీ (పెద్ద అదనపు సమస్య). అందుకే ఆడిటర్ చూపు ముందు ఆ చివరి అంకె మీద పడుతుంది. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెప్పేదీ ఆ అంకే.

ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో స్పందనలో బయటికి పంపే రక్తం వాటా) 25 శాతం, బీఎన్‌పీ (గుండె ఒత్తిడిని చూపే రక్తపరీక్ష) బాగా ఎక్కువ, నీరు తీసే లాసిక్స్ ఐవీలో ఇస్తున్నారు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో నీరు. ఇది అక్యూట్ సిస్టాలిక్ అని నీకు తెలిసిపోతూనే ఉంటుంది. అయినా ఆ కోడ్ వేయకూడదు. జబ్బేమిటో తేల్చాల్సింది వైద్యం చేసే డాక్టరే. నువ్వు ఆయనకు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపు. ఆ ఆధారాలన్నీ తేదీలతో పెట్టి, "హార్ట్ ఫెయిల్యూర్ రకం, తీవ్రత తెలపగలరా?" అని అడుగు. ఆప్షన్లు ఇస్తే చార్టుకు పొసగేవన్నీ ఇవ్వు, "ఇతర", "నిర్ధారించలేం" అన్నవి కూడా చేర్చు. ఫలానాది రాయండి అన్న ధ్వని రానివ్వకు. డబ్బు ఊసు, డీఆర్‌జీ (ఆసుపత్రికి చెల్లింపు తేల్చే వర్గం) ఊసు అసలే వద్దు.

ప్రతిదానికీ క్వెరీ అక్కర్లేదులే. హెచ్ఎఫ్ఆర్ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గినది) అని ఉంటే సిస్టాలిక్‌గా, హెచ్ఎఫ్‌పీఈఎఫ్ (అది తగ్గనిది) అని ఉంటే డయాస్టాలిక్‌గా తీసుకోవచ్చని కోడింగ్ సందేహాలకు అధికారికంగా జవాబిచ్చే పత్రిక కోడింగ్ క్లినిక్ 2016లోనే చెప్పింది. "డీకంపెన్సేటెడ్" అంటే అక్యూట్‌గా ముదిరినట్టే.

కొత్తవాళ్లు ఎక్కువగా జారేది బీపీ దగ్గర. రోగికి హైపర్‌టెన్షన్ కూడా ఉంటే, రెండిటికీ సంబంధం ఉందని డాక్టరు రాయకపోయినా కోడింగ్ గైడ్‌లైన్స్ ఉన్నట్టే లెక్కేస్తాయి. కారణం వేరని ఆయన స్పష్టంగా రాస్తేనే విడదీయాలి. కాబట్టి ముందు బీపీతో వచ్చిన హార్ట్ ఫెయిల్యూర్ కోడ్ ఐ11.0, తర్వాతే ఐ50. క్రానిక్ కిడ్నీ డిసీజ్ కూడా ఉంటే ఐ13లోకి వెళ్లి, స్టేజ్‌కు ఎన్18 కలుపు.

అవుట్‌పేషెంట్ అలవాటు ఒకటి మానుకోవాలి. అక్కడ "ప్రాబబుల్" (బహుశా ఉండొచ్చు) అన్నదాన్ని కోడ్ చేసేవాళ్లం కాదు. ఇన్‌పేషెంట్‌లో డిశ్చార్జ్ నాటికీ ఆ మాటే నిలిచి ఉంటే, ఆ జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తాం.

ఇంకో సంగతి, కాపీ పేస్ట్. మొదటి రోజు రాసిన "అక్యూట్" ఐదో రోజు నోట్‌లోనూ అలాగే కనిపిస్తుంది. హెచ్ అండ్ పీ (చేరినప్పుడు రాసే తొలి పరీక్ష నోట్) నుంచి డిశ్చార్జ్ సమ్మరీ దాకా వరుసగా చదువు. కార్డియాలజిస్టు ఒకటి, అటెండింగ్ (రోగి బాధ్యత చూసే ప్రధాన డాక్టరు) ఇంకొకటి రాస్తే అటెండింగ్‌నే అడగాలి.

నీ మొదటి క్వెరీకి ఏం జవాబొచ్చిందో ఆదివారం ఫోన్‌లో చెప్పు. పేషెంటు వివరాలు మాత్రం నాక్కూడా చెప్పకూడదు.

మీ పెద్దమ్మ