బొమ్మల సినిమా చివర్లో అసలు వీడియో ఎందుకు?

‘వాల్ట్జ్ విత్ బషీర్’ (2008) అంతా యానిమేషన్‌లో నడిచి, చివర్లో ఏడుస్తున్న ఆడవాళ్ల అసలు వీడియో ఎందుకు వచ్చింది, మొదట్లోని 26 కుక్కల కలకీ దానికీ సంబంధం ఏంటి అని అడిగారు కదా.

ఆ కల దర్శకుడు, ఒకప్పటి ఇజ్రాయెల్ సైనికుడు ఆరి ఫోల్మన్‌ది కాదు, అతని స్నేహితుడిది. 1982 లెబనాన్ యుద్ధంలో ఆ స్నేహితుడు మనుషుల్ని కాల్చలేడని తెలిసి, మొరిగి సైనికుల రాకను బయటపెట్టే కుక్కల్ని కాల్చే పని అప్పగించారు. అతనికి లెక్కతో సహా గుర్తుంది. ఫోల్మన్‌కి ఆ యుద్ధం గురించి గుర్తున్నది ఒక్కటే: బేరూత్ తీరంలో సముద్రంలోంచి లేచి రావడం. ఆ సీన్‌లో ఆకాశం నుంచి దిగే పసుపు వెలుగుల్ని మళ్లీ గమనించండి, కీలకం అక్కడే ఉంది. బేరూత్‌లోని సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో ఊచకోతకు దిగింది ఫలాంజిస్టులు, అంటే లెబనాన్ క్రైస్తవ సాయుధ దళం. రాత్రి వాళ్లకు వెలుతురు చూపింది ఇజ్రాయెల్ సైన్యం వదిలిన ఫ్లేర్లు. ఆ ఊచకోతలో ఫోల్మన్ ఎవర్నీ చంపలేదు, కానీ ఆ వెలుతురులో తన వంతు ఉంది. అది గుర్తొచ్చాక ఇక బొమ్మల చాటు మిగలదు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. సైనికుల నిద్రలేని రాత్రులకు అంత సమయమిచ్చిన సినిమాలో పాలస్తీనీయుల గొంతు మనకు వినిపించేది ఆ ఏడుపులోనే.