ప్రిన్సిపాల్ వెళ్లిపోయారు, కాలేజీ మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతోంది. జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీ. సెమిస్టర్ మధ్యలో ప్రిన్సిపాల్ ఉన్నట్టుండి రాజీనామా చేశారు. 'వ్యక్తిగత కారణాలు' అంటోంది మేనేజ్‌మెంట్. కాలేజీ మూసేస్తారని వాట్సాప్‌లో ఒకటే ప్రచారం. ఒక కన్సల్టెన్సీ వాళ్లు వేరే కాలేజీకి మార్పిస్తామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. మిగతాది నింపాదిగా చూద్దాం.

ప్రైవేటు కాలేజీల్లో ప్రిన్సిపాళ్లు మారడం కొత్తేమీ కాదు. అడ్మిషన్ల టార్గెట్ల దగ్గర మేనేజ్‌మెంట్‌తో పొసగక వెళ్లిపోయినవాళ్లు నాకే కొందరు తెలుసు. మీ అమ్మాయికి డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. ఒకవేళ కాలేజీ మూతపడే పరిస్థితే వచ్చినా, కొత్త అడ్మిషన్లు ఆపి ఉన్న బ్యాచ్‌లను పూర్తి చేయించడమో, పిల్లలను వేరే కాలేజీల్లో సర్దడమో జరగాలి. రాత్రికి రాత్రి తాళం వేసేయడం కుదరదు.

అసలు చూడాల్సింది, ఆయన వెనకాల ఇంకెవరు వెళ్తున్నారన్నది. సీఎస్‌ఈ హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ఉన్నారా? ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఉన్నారా? మీ అమ్మాయినే అడగండి. టైంటేబుల్లో ఒకే లెక్చరర్ పేరు మూడు సబ్జెక్టులకు కనిపిస్తోందా, ల్యాబ్ గంటల్లో రికార్డులు రాయించి పంపేస్తున్నారా? జీతాలు ఆగితే ఆ సంగతి ముందు ల్యాబ్ అసిస్టెంట్ల నోటే వినిపిస్తుంది. మేనేజ్‌మెంట్ ప్రకటనల కంటే నేను ఆ మాటే ఎక్కువ నమ్ముతాను.

ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌గా ఎవరిని వేశారో మాత్రం ఈ వారమే కనుక్కోండి. బోనఫైడ్ (ఈ కాలేజీలో చదువుతోందన్న ధ్రువపత్రం), బ్యాంకు లోను కాగితాలు ఆ సంతకంతోనే కదులుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే, ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) దరఖాస్తు కాలేజీ దగ్గరే ఆగిపోకుండా చూసుకోండి.

ఇక మార్పు సంగతి. దానికి రెండు కాలేజీల ఎన్‌ఓసీలు (అభ్యంతరం లేదన్న పత్రాలు), అక్కడ ఖాళీ సీటు, యూనివర్సిటీ అనుమతి కావాలి. అటానమస్ (సొంత సిలబస్ పెట్టుకునే) కాలేజీకి వెళ్తే సిలబస్ తేడా వస్తుంది, ఇక్కడ చదవని సబ్జెక్టులు అక్కడ అదనంగా రాయాల్సి రావచ్చు. రీయింబర్స్‌మెంట్ కొనసాగుతుందో లేదో కూడా ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా ఆగండి. అప్పటికి హెచ్‌ఓడీ కూడా వెళ్లిపోయి, ఆ కుర్చీలోకి ఎవరూ రాకపోతే, మూడో సంవత్సరం మొదలయ్యేలోపు బదిలీ గురించి నేరుగా యూనివర్సిటీలోనే అడగండి.