రైట్ తిమింగలాల కోసం రికార్డర్ దించబోయే అమ్మాయికి

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

మసాచుసెట్స్ తీరంలో రైట్ తిమింగలాల పిలుపులను సముద్రం అడుగున పట్టే రికార్డర్ల పని నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు ఇప్పుడు 400 కూడా లేవు. ఎక్కువగా ఓడలు గుద్దో, చేపల వేట తాళ్లు చుట్టుకునో చనిపోతున్నాయి. మీరు విన్నదాన్ని బట్టే ఓడలను నెమ్మదిగా పొమ్మంటారు. కాబట్టి "వినిపించింది" అనడం కన్నా "ఈ రోజు వినిపించలేదు" అనడానికే ఎక్కువ బాధ్యత కావాలి. ఆ మాట అనాలంటే ఆ రోజు యంత్రం సరిగ్గా పనిచేసిందనీ, తిమింగలం పిలిస్తే వినబడే పరిస్థితి ఉందనీ నువ్వు చూపించగలగాలి. ఈ ఉత్తరంలో రాసేదంతా అందుకోసమే.

నువ్వు వెతకాల్సింది అప్‌కాల్. దాదాపు 80 హెర్ట్జ్ దగ్గర మొదలై 200 దాకా పాకే పిలుపు, సుమారు ఒక సెకను ఉంటుంది. ఎవరో పిలిస్తే మనం "ఊఁ?" అంటామే, అచ్చం అలాగే చివర పైకి లేస్తుంది. ఆడా మగా, పిల్లా పెద్దా అన్నీ ఈ పిలుపు పిలుస్తాయి కాబట్టే దీన్ని గుర్తుగా పెట్టుకున్నారు. గన్‌షాట్ అనే పెద్ద చప్పుడు కూడా చేస్తాయి గానీ అది ఎక్కువగా మగవాటిది. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకు.

ఈ పిలుపుకు సెకనుకు 2000 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని సెకనుకు 2000 సార్లు కొలవడం, చాలు. 16 బిట్లలో రోజుకు దాదాపు 346 మెగాబైట్లు, 180 రోజులకు 62 గిగాబైట్లు అవుతుంది. అదే 48,000 పెడితే రోజుకు 8.3 గిగాబైట్లు, 180 రోజులకు ఒకటిన్నర టెరాబైట్లు. చోటు, బ్యాటరీ చాలవని కొందరు గంటకు 10 నిమిషాలే రికార్డు చేస్తారు. ఈ తిమింగలాల విషయంలో ఆ పని చేయొద్దు. ఒక్కోసారి రోజంతా మౌనంగా ఉండి నాలుగైదు సార్లే పిలిచి వెళ్లిపోయే జీవి అది. శాంపిళ్లు తగ్గించు గానీ వినడం ఆపకు.

గెయిన్, అంటే అందిన సంకేతాన్ని యంత్రం ఎంత పెంచాలో, ముందే లెక్క వేసుకో. హైడ్రోఫోన్ (నీళ్లలో పనిచేసే మైకు) సెన్సిటివిటీ మైనస్ 170 డెసిబెల్స్ అయి, రికార్డర్ 1 వోల్ట్ దాకా తీసుకుంటే, 170 డెసిబెల్స్ దాటిన శబ్దపు అల పైభాగం రికార్డింగులో తెగిపోతుంది. 20 డెసిబెల్స్ గెయిన్ పెడితే ఆ హద్దు 150కి దిగుతుంది. మరీ తగ్గించినా ముప్పే, ప్రశాంతంగా ఉన్న సముద్రపు చప్పుడు యంత్రం సొంత రొదలో కలిసిపోతుంది. దించే ముందు, తీసిన తరువాత 250 హెర్ట్జ్ పిస్టన్‌ఫోన్‌తో (తెలిసిన తీవ్రత గల శబ్దం చేసి మైకును సరిచూసే పరికరం) కొలిచి రెండూ రాసిపెట్టు. తేడా ఒక డెసిబెల్ దాటితే కారణం దొరికేదాకా ఆ డేటా మీద ఏ మాటా అనొద్దు.

ఇక దించడం. పైన బోయా, దాని నుంచి అడుగు దాకా నిలువు తాడు అనే ఏర్పాటు వద్దేవద్దు. ఆ తాళ్లే ఈ తిమింగలాల ప్రాణాలు తీస్తున్నాయి. అకౌస్టిక్ రిలీజ్ వాడు. పడవ మీద నుంచి సంకేత ధ్వని పంపితే కొక్కెం తెరుచుకుని, తేలియాడే బంతులు రికార్డర్‌ని పైకి తెస్తాయి. లంగరు బరువును నీళ్లలో ఎంత తూగుతుందో చూసి లెక్కపెట్టు. 100 కిలోల కాంక్రీటు దిమ్మ సముద్రంలో 57 కిలోలే తూగుతుంది, ఉక్కు అయితే 87 తూగుతుంది. లాబ్‌స్టర్ బోనులు వేసేవాళ్లకు, ట్రాల్ వల లాగేవాళ్లకు నీ స్థానాలు ముందే చెప్పు. యంత్రం మీద ఫోన్ నంబరు చెరగని రంగుతో రాయి. వలలో పడిన రికార్డర్లు అలాగే తిరిగి వస్తాయి.

డేటా పాడయ్యేది చాలావరకు ఇక్కడే. గొలుసు, షాకిల్ (గొలుసును కలిపే ఇనుప కొక్కెం) ఒకదానికొకటి తగిలి టకటకమంటే, బిగువైన తాడు ప్రవాహానికి తీగలా కంపిస్తే, ఆ చప్పుళ్లు అప్‌కాల్ ఉండే మెట్టులోనే, అంటే అదే హెర్ట్జ్ పరిధిలోనే, వచ్చి పడతాయి. పోటు, ఆటు వేగంగా నడిచే వేళల్లో హైడ్రోఫోన్ చుట్టూ నీళ్లు సుడి తిరిగే రొద కూడా అక్కడే ఉంటుంది. అందుకే హైడ్రోఫోన్‌ని అడుగుకి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంచు, అక్కడ ప్రవాహం తక్కువ. దాని మీద పలుచని గుడ్డ తొడుగు వేయి. లోహం లోహానికి తగిలే ప్రతిచోటా మధ్యలో నైలాన్ బుష్ (తొడుగు) పెట్టు. స్టెయిన్‌లెస్ ఉక్కు పక్కనే అల్యూమినియం ఉంటే ఉప్పునీళ్లలో అల్యూమినియం తినేసుకుపోతుంది కాబట్టి ఆ బుష్ రెండు పనులూ చేస్తుంది. షాకిల్ పిన్నులు ఊడిపోకుండా కట్టు.

మూతలోకి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ దగ్గర తొందరపడకు. పాత గ్రీజు నూగు రాలని గుడ్డతో తుడిచి, రింగుని దీపం కింద వేళ్ల మధ్య తిప్పి చూడు. ఒక్క వెంట్రుక, ఒక ఇసుక రేణువు చాలు, 60 మీటర్ల లోతులో అదనంగా 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి అక్కడి నుంచే నీళ్లను లోపలికి తోస్తుంది. గ్రీజు మెరుపు కనిపించేంత చాలు, ముద్దగా పూస్తే దుమ్ము పట్టుకుంటుంది. ఆల్కలీన్ బ్యాటరీలు చలినీళ్లలో చాలా బలం కోల్పోతాయి. లెక్కకు వచ్చిన దానికి కనీసం 30 శాతం కలిపి పెట్టు.

గడియారం యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) లోనే. అక్కడ మార్చిలో, నవంబరులో గంట అటూ ఇటూ జరుపుతారు, ఆ గొడవ డేటాలోకి రానివ్వకు. మూత బిగించాక జీపీఎస్ సమయం చూసి హైడ్రోఫోన్‌ని మూడుసార్లు తట్టు. తీశాక, ఆపే ముందు మళ్లీ తట్టు. రికార్డింగులో ఆ తట్లు ఏ సమయంలో పడ్డాయో చూస్తే గడియారం ఎంత జారిందో తెలుస్తుంది. ఒక్క రికార్డరుకు రెండు మూడు సెకన్ల తేడా పెద్ద విషయం కాదు. మూడు నాలుగు రికార్డర్లతో తిమింగలం ఎక్కడుందో కనిపెట్టాలనుకుంటే మాత్రం ఒక సెకను తప్పు దాదాపు 1500 మీటర్ల తప్పు.

వినేటప్పుడు శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌కు, 2000 శాంపిళ్లకు 512 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ, హాన్ విండో, కనీసం 75 శాతం ఓవర్‌ల్యాప్ పెట్టుకో. తెరమీద 0 నుంచి 500 హెర్ట్జ్, ఒక్కో తెరకు ఒక నిమిషం. సాఫ్ట్‌వేర్ రావెన్ అయినా పామ్‌గార్డ్ అయినా పరవాలేదు. డిటెక్టర్ (పిలుపులను తానే వెతికే ప్రోగ్రాం) చూపించిన ప్రతిదాన్నీ మనిషి కన్ను చూడాలి. నిన్ను ఎక్కువగా మోసం చేసేది హంప్‌బ్యాక్ అనే మరో రకం తిమింగలం పాట. అందులోనూ పైకి లేచే స్వరాలు అచ్చం ఇలాగే ఉంటాయి. అనుమానం వస్తే ముందు రెండు నిమిషాలు, వెనక రెండు నిమిషాలు చూడు. వేరే స్వరాలతో కలిసి, ఒకే వరసలో, సమానమైన వ్యవధిలో తిరిగి తిరిగి వస్తుంటే అది పాట. రైట్ తిమింగలం పిలుపులు లయ లేకుండా విడివిడిగా పడతాయి. తేల్చుకోలేకపోతే "సందేహం" అనే రాయి.

డిటెక్టర్ ఏం వదిలేసిందో తెలుసుకోవడానికి కొన్ని రోజుల్ని పూర్తిగా చేత్తో చూడాలి, దాని జవాబులు ముందు చూడకుండా. ప్రశాంతమైనవి, తుఫాను రోజులు, ఓడల రొద నిండినవి అన్నీ అందులో ఉండాలి. అప్‌కాల్ మెట్టులో రోజువారీ రొద కూడా కొలువు. అప్పుడు నీ పట్టికలో మూడు రకాల రోజులుంటాయి: వినిపించింది, వినిపించలేదు, వినలేకపోయాం. రొదతో నిండిన రోజును రెండో గడిలో వేస్తే ఉన్న తిమింగలాన్ని నువ్వే లేదన్నట్టవుతుంది. దక్షిణాన జార్జియా, ఫ్లోరిడా తీరాల్లో పిల్లల తల్లులు బాగా గొంతు తగ్గించి పలుకుతాయి. అక్కడ నిశ్శబ్దం దేనికీ సాక్ష్యం కాదు. పిలుపుల సంఖ్యను తిమింగలాల సంఖ్యగా ఎప్పుడూ రాయకు. వంద పిలుపులూ ఒక్కదానివే కావచ్చు.

2008 నుంచి కొన్ని చోట్ల, కొన్ని నెలల్లో 65 అడుగులు, ఆపై పొడవున్న ఓడలు 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) లోపే వెళ్లాలనే నియమం ఉంది. దీనికి తోడు తిమింగలం వినిపించిన చోట 15 రోజుల పాటు వేగం తగ్గించమని కోరుతారు. అది స్వచ్ఛందం. తప్పుడు కబురు రెండుసార్లు వెళ్తే మూడోసారి కెప్టెన్లు పట్టించుకోరు.

చివరగా, రెండు చోట్ల కాపీలు సరిచూసుకున్నాకే కార్డు చెరుపు. 2004 నుంచి 2014 దాకా తీరం పొడవునా ఎందరో చేసిన రికార్డింగులన్నీ కలిపి చూసినప్పుడే, 2010 తరువాత ఈ తిమింగలాలు తిరిగే చోట్లు మారాయని తేటపడింది. కాబట్టి ప్రతి ఫోల్డర్‌లోనూ అక్షాంశ రేఖాంశాలు, లోతు, హైడ్రోఫోన్ సీరియల్ నంబరు, గెయిన్, శాంపిళ్లు, రెండు పిస్టన్‌ఫోన్ కొలతలు, గడియారం జారిన సెకన్లు రాసిన ఒక మామూలు టెక్స్ట్ ఫైలు తప్పనిసరిగా పెట్టు.

శుభాశీస్సులతో.